అమ్ముడైపోయిన పెట్టెలు

గొడౌను తలుపు తెరుచుకోగానే, ఈ రెండేళ్లలో తను అమ్మిన ట్రంకు పెట్టెలన్నీ ఎదురుగా పేర్చి కనిపించాయి నజీర్ అహ్మద్‌కి.

ఒకటీ అరా కాదు. నేల నుంచి వాసాల దాకా ఉన్నాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, నీలివి. మూతల మీద తను స్వయంగా వేసిన మల్లెతీగలు వేసినట్టే ఉన్నాయి. ఎక్కడా గీత పడలేదు. ఒక్క గొళ్లెమూ అరగలేదు. ఆ పెట్టెలు ఏ రైలూ ఎక్కలేదు, ఏ మంచం కిందకీ దూరలేదు.

వెనక నిలబడిన గఫూర్ ఏదో అంటున్నాడు. నజీర్‌కి వినపడలేదు.

కిందటి వారం మనం వదిలిపెట్టే వేళకి, వన్ టౌన్ మొత్తంలో నజీర్ అంత సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ఉక్కునగరంలో కొత్త సెక్టార్లు లేస్తున్నాయి. క్వార్టర్లలో దిగే ప్రతి కుటుంబానికీ పెట్టె కావాలి. నజీర్ చేసిన పెట్టె చేసినట్టే అమ్ముడవుతోంది. గాజువాక దారిలో పెద్ద షెడ్డు తీసుకుని పనివాళ్లని పెట్టుకుంటే ఇక తిరుగుండదు. అందుకు కావలసిన డబ్బు వడ్డీ వ్యాపారి దొరబాబు ఇస్తానన్నాడు. బదులుగా నజీర్ భార్య జమాలున్నీసాకి ఆమె తల్లి ఇచ్చిన పెంకుటిల్లు తాకట్టు పెట్టాలి. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. ఆ ఇల్లు తప్ప వాళ్లకి ఇంకేమీ లేదు. ఈ మధ్యాహ్నం నమాజు అయ్యాక రిజిస్ట్రారాఫీసులో సంతకాలు.

పొద్దున్నే గఫూర్ నుంచి కబురు వచ్చింది, ఉన్నపళాన ఫిషింగ్ హార్బరుకి రమ్మని.

గఫూర్ జమాలున్నీసాకి అన్న. ఎండుచేపల వ్యాపారి. ఐస్ ఫ్యాక్టరీ వెనక అతనికి ఒక గొడౌనుంది. చాలక పక్కది కూడా అడిగాడు. దాన్ని తీసుకున్నవాడు ఉగాది నుంచీ అద్దె కట్టడం లేదని విసిగిపోయి ఉన్న యజమాని, గఫూర్ ఎదురుగానే తాళం పగలగొట్టించాడు. లోపల ఏముందో చూశాక గఫూర్ అద్దె సంగతి మరిచిపోయి బావమరిది హోదాలో మనిషిని పరుగెత్తించాడు.

నజీర్ ముందుకు నడిచాడు. మూడో వరసలో నీలం పెట్టె. మూత మీద రెండు చిలకలు. ఆ పెట్టెని అతను ఎలా మరిచిపోతాడు? దాన్ని కొన్నది భిలాయి నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఫోర్‌మన్. కవల ఆడపిల్లల తండ్రి. పిల్లలిద్దరూ చెరో చిలకా నాదంటే నాదని పంచుకున్నారని, సాయంత్రం కొట్లో కూర్చుని, పెట్టెలు అమ్ముకొచ్చే సన్యాసిరాజు చెబుతుంటే జమాలున్నీసా పనులన్నీ మానేసి వింది. మర్నాడు ఆ పిల్లలకని చిన్న గాజులు కొని పంపింది.

నజీర్ గొళ్లెం తీశాడు.

లోపల కాగితం పొట్లం ఉంది. అది నజీర్ తండ్రి నాటి ఆచారం. ఖాళీ పెట్టె కొట్టు గడప దాటకూడదు. చిటికెడు పటికబెల్లం పొట్లం కట్టి పెట్టాకే కొన్నవాడి చేతికివ్వాలి. ఇంటికి వెళ్లి పెట్టె తెరిచినవాళ్లు ముందు నోరు తీపి చేసుకోవాలి. ఆ పొట్లం కట్టు విప్పలేదు. పక్కనే రెండు జతల చిన్నగాజులు, కొన్నప్పటి దారంతోనే.

నజీర్ మూత మెల్లగా దించాడు, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.

తర్వాత గఫూర్ వైపు తిరిగాడు. అతనికి తోచిన మొదటి అనుమానం అదే. చెల్లెలు కష్టపడుతోందని, దానం చేస్తే బావ పుచ్చుకోడని, దొంగచాటుగా కొని ఇక్కడ పడేశాడా? ఆ మాటే అడిగాడు.

"నానా?" అన్నాడు గఫూర్. "నీ ధరకి నీ పెట్టె నాను కొన్నానని తెలిస్తే నా ఎండుసేపలు లేసి నవ్వుతాయి నజీర్."

అది నిజమే. గఫూర్ ఆ రకం మనిషి కాడు. నిఖా నాడు కూడా పెళ్లికొడుకు పక్కన కూర్చుని, చేతిలో పనుంటే చాలదు, నోట్లో ధరుండాలి అని హితవు చెప్పినవాడు. ఇప్పుడు మాత్రం అతని గొంతులో వెక్కిరింత పలచబడింది. పెట్టెల వరసల కింద వంగి చూస్తూ, కొన్నవాడెవడో గాని పిచ్చివాడన్నాడు. రేకు పెట్టెలకి ఇదేం మర్యాద అని అడిగాడు.

నజీర్ వంగి చూశాడు.

కింద తాటి దుంగలు. వాటిమీద మందంగా పరిచిన ఎండుగడ్డి. వరసకీ వరసకీ మధ్య వేపరెమ్మలు. కొన్ని ఎండి పొడి అయ్యాయి, వాటిమీద మళ్లీ కొత్తవి వేసి ఉన్నాయి. ప్రతి వరసనీ చుట్టి గడ్డితాడు. ఎవరో మాటిమాటికీ వచ్చి చూసుకుంటున్నారన్నమాట.

విత్తనపు వడ్లు దాచేది ఇలాగే. చెమ్మ తగలకుండా కింద దుంగలు, పురుగు పట్టకుండా వేపాకు. నజీర్ పొలం మొహం చూసిన మనిషి కాదు. కాని ఈ సంగతి అతనికి తెలుసు. రేకు కొడుతూ ఉంటే ఎదురుగా కూర్చుని ఒక మనిషి ఈ ముచ్చటంతా చెప్పాడు. మా నాయన విత్తనాల బస్తా దగ్గరికి చెప్పులతో వెళ్లనిచ్చేవాడు కాదని కూడా చెప్పాడు.

నజీర్ ఆ ఎండిన రెమ్మల్లోంచి ఒకటి తీసుకున్నాడు. గొడౌను అద్దెకు తీసుకున్నవాడి పేరేమిటని గఫూర్ యజమానిని అడగబోయాడు. అక్కర్లేదన్నాడు నజీర్.

*

వ్యాపారం ఎలా చేయాలో తెలుసుకోవాలంటే నజీర్ కొట్టు చూసి నేర్చుకోమని పాత పోస్టాఫీసు వీధిలో చెప్పుకునేవారు. ఒకరికి పని మీద ప్రాణం. ఇంకొకరికి పైసా మీద పట్టు. రేకు నజీర్ మాట వింటుంది, రూపాయి సన్యాసిరాజు మాట వింటుంది.

సన్యాసిరాజుది గాజువాక అవతల ఊరు. సేద్యం లేని నెలల్లో అనకాపల్లిలో ఒక బెల్లం కొట్లో గుమాస్తాగా చేసేవాడు. ఉక్కు ఫ్యాక్టరీకి వాళ్ల భూమి పోయింది. నష్టపరిహారం వచ్చింది. చేతులకి పని పోయింది. ఒకరోజు పెట్టె కొందామని వచ్చి, నజీర్ చెప్పిన ధర విని, ఈ ధరకి నీకేమి మిగులుతుంది అని అడిగాడు. నజీర్ ఎప్పుడూ ఆ లెక్క వేయలేదు. ఆ రోజు పెట్టె కొనకుండా కూర్చున్నవాడు ఆ కొట్లోనే ఉండిపోయాడు. చేసేది నజీర్. రిక్షా మీద వేసుకుని ఉక్కునగరం వెళ్లి అమ్ముకొచ్చేది సన్యాసిరాజు. జమాలున్నీసాని చెల్లెమ్మా అన్నాడు కాబట్టి నజీర్ అతనికి బావ అయ్యాడు. గఫూర్ తప్ప అంతకంటే దగ్గర చుట్టాలు వాళ్లెవరికీ లేరు.

నజీర్ ఇంటికి వచ్చేసరికి సన్యాసిరాజు కొట్టు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. జమాలున్నీసా ఈద్‌కి మాత్రమే తీసే బురఖా దులుపుతోంది. ఇంటి కాగితాల సంచీ ఆమె చంకలో ఉంది. పొద్దున్న లేచి ఎక్కడికి పోయావని, నమాజు వేళ అవుతోందని, సన్యాసన్న వచ్చి ఇందాకట్నుంచీ ఎదురుచూస్తున్నాడని ఆమె గబగబా చెప్పింది.

నజీర్ తన పని పీట మీద కూర్చున్నాడు. కొయ్య సుత్తి పక్కకి జరిపి, ఆ చోట వేపరెమ్మ పెట్టాడు.

"బావా, రేకుకి పురుగు పడతాదా?"

సన్యాసిరాజు రెమ్మని చూశాడు.

"పడదు."

"మరేల ఏసినావు?"

వీధిలో సోడాబండి గోళీ చప్పుడు చేసుకుంటూ పోయింది.

జమాలున్నీసాకి ఏమీ అర్థం కాలేదు. నజీర్ ఆమెకి రెండే మాటల్లో చెప్పాడు. మన పెట్టెలు ఎవరూ కొనలేదు. అన్నీ హార్బరు దగ్గర గొడౌనులో ఉన్నాయి. ఆమె ముందు నవ్వింది, మొగుడు వేళాకోళం ఆడుతున్నాడనుకుని. తర్వాత సన్యాసిరాజు మొహం చూసింది. బురఖా చేతిలోంచి జారిపోయింది.

ఇల్లు గురించి అడుగుతుందనుకున్నాడు నజీర్. డబ్బు గురించి అడుగుతుందనుకున్నాడు. ఆమె అడిగింది వేరు.

"ఆ కవలపిల్లలు?"

"నేరు సెల్లెమ్మా," అన్నాడు సన్యాసిరాజు.

"పెళ్లిసీరలు దాసుకున్న ఆ క్రేను డ్రైవరు పెళ్లాం?"

అతను తల అడ్డంగా ఊపాడు. పెట్టెకొక మనిషిని కల్పించాడు రెండేళ్లపాటు. సాయంత్రాలు ఆమె వాళ్ల కోసం ఎదురుచూసేది. పిల్లల్లేని ఆ ఇంట్లో ఎందరో పిల్లలు పెరిగారు. ఆమె గోడకి చేరబడి కూర్చుంది. కాసేపటికి కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఒక వ్యాపారస్తుడి చెల్లెలు అడగవలసిన ప్రశ్న అడిగింది.

"తప్పు ఎక్కడుందన్నా? పెట్టెలోనా, ధరలోనా?"

సన్యాసిరాజు అప్పుడు మాట్లాడాడు. పెట్టెలో తప్పు లేదన్నాడు. ధరలోనూ లేదన్నాడు. ఆ పెట్టెకి ఆ ధర తక్కువే. నజీర్ మందపు రేకు తప్ప ముట్టడు. అంచు రెండు మడతలు మడిచి, లోపలికి తిప్పి కొడతాడు, పసిపిల్ల చెయ్యి పెట్టినా కోసుకోకూడదని. రంగు ఆరాక మళ్లీ రంగు, దాని మీద మళ్లీ. కలకత్తా నుంచి సన్నరేకు పెట్టెలు రైలులో వస్తున్నాయి. అవి సరుకూ కూలీ కలిపి నజీర్ రేకు ఖర్చుకే అమ్ముడవుతున్నాయి. జీతం బాగున్నవాళ్లు సూట్‌కేసులకి మళ్లారు. మొదట్లో తను నిజంగానే క్వార్టర్ల మధ్య తిరిగాడు. ఆడవాళ్లు బయటికొచ్చి పెట్టె మీద చెయ్యి వేసి నిమిరేవారు. బాగుందనేవారు. ధర అడిగేవారు. చెయ్యి తీసేసేవారు.

నజీర్ అంతా విన్నాడు. అతనికి కోపం రావడానికి సమయం పట్టింది. వచ్చాక కూడా గొంతు లేవలేదు.

"ఆ మాట అప్పుడే నాతో అనుంటే ఏటయ్యేది?"

"నువ్వు సన్నరేకు ముట్టవు బావా. కొట్టు మూసీసేవోడివి. పోర్టులో మూటలు మొయ్యడానికి ఎల్లిపోయేవోడివి. నీ సేతులు సూసి నాను..."

"పిల్లలకి బడిపెట్టెలు సేసేవోణ్ణి," అన్నాడు నజీర్. "ఇదే రేకు. ఇదే మడత. ఇంతే ఇంత. రేకు నాలుగోవంతు సాలు. ఉక్కునగరంలో బడికి పోయే పిల్లలే నేరా? తల్లి ధర అడిగి సెయ్యి తీసీదా? ఎప్పుడైనా నన్ను అడిగినావా?"

ఇరవై ఏళ్లుగా లెక్కలు వేస్తున్న సన్యాసిరాజు బుర్రకి బడిపెట్టె ఒక్కసారీ తట్టలేదు.

"నాకు ఇష్టం పెట్టె సెయ్యడం బావా. ఈ పెట్టే సెయ్యడం కాదు. నా పనిని గుడ్డలో సుట్టి దాసినావు నువ్వు, గాలి తగిలితే సచ్చిపోద్దేమోనని. దానికి గాలే కావాలి. ఎంత వస్తాదో ఎంత పోతాదో నువ్వు సెప్పుంటే, దానికి తగ్గట్టు నా సెయ్యి తిరిగీది. ఎంతకని గోడతో సెప్పుకుని సేస్తాను నాను?"

ఇంతకంటే పెద్ద మాట నజీర్ ఎప్పుడూ ఎవరినీ అనలేదు. అన్నాక అతనే తట్టుకోలేక తల వంచుకుని వేపరెమ్మని నలపసాగాడు.

జమాలున్నీసా లేచింది. బురఖా మడతపెట్టి పెట్టెలో పెట్టింది. కాగితాల సంచీ దాని కింద తోసింది. ఇల్లు తాకట్టు పెట్టడం లేదని, షెడ్డూ వద్దు దొరబాబూ వద్దని, మెల్లగా అయినా స్పష్టంగా చెప్పింది. గొడౌనులో ఉన్న పెట్టెలు సన్యాసన్నవి. అతను డబ్బిచ్చి కొన్నవి. వాటిని వచ్చిన ధరకి అమ్మి అతని డబ్బు అతనికి చేర్చాలి. ఆ తర్వాత బడిపెట్టెలు. ఈసారి ధర కట్టేటప్పుడు తనూ కూర్చుంటుంది.

తర్వాత లోపలికి వెళ్లి మూడు గ్లాసుల్లో టీ తెచ్చింది. మొదటి గ్లాసు సన్యాసిరాజు ముందు పెట్టింది.

"తాగన్నా. అబద్ధాలు సెప్పినా మంచోళ్లని కల్పించినావు. ఆ క్రేను డ్రైవరు పెళ్లాం అంటే నాకెంతో ఇష్టం."

నజీర్‌కి నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. బావ భుజం మీద చెయ్యి వేశాడు.

సన్యాసిరాజు గ్లాసు ముట్టలేదు. వీధి వైపు ఒకసారి చూశాడు. లేచి, కొట్టు తలుపు ఒక రెక్క దగ్గరికి వేశాడు. మళ్లీ వచ్చి పీట మీద కాదు, నేల మీద కూర్చున్నాడు.

"ఆ టీ నాకివ్వకు సెల్లెమ్మా. మొత్తం ఇన్నాక ఇద్దువు గాని, నీకు ఇవ్వబుద్దయితే.

"పెట్టెలు నానే కొన్నాను బావా. దానికి నాకు సిగ్గు నేదు. భూమికి ఇచ్చిన డబ్బు ముట్టుకుంటే మా నాయన ఈపు మీద సెమట సేతికి తగిలినట్టుండీది. దాంతో ఏటి కొని తిన్నా గొంతు దిగీది కాదు. ఒకరోజు నీ పెట్టె ఒకటి అమ్ముడుపోక తిరిగొస్తా వస్తా దారిలో నానే కొనీసాను. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. అప్పుడు తెలిసింది, ఆ డబ్బు ఎక్కడెయ్యాలో.

"నీకు సెప్పీద్దామనే వచ్చాను ఒక సాయంత్రం. నువ్వు మూత లోపలేపు పువ్వు ఏస్తన్నావు. లోపలెవడు సూస్తాడు బావా అన్నాను. తెరిసినోడు సూస్తాడు కదా అన్నావు, తలెత్తకండానే. మరింక నోరు రానేదు. నాకు లెక్కలు వచ్చు. బెల్లం కొట్లో నన్ను మించినోడు నేడు. అయితే ఏటి? పొద్దున్నే లేసి ఈ పని సెయ్యాల, దీనికోసం లెగాల అని ఒక్కనాడూ అనిపించనేదు. నీ కొట్లో కూకుంటే అనిపించింది. నీ సుత్తి సప్పుడు ఆగిపోతే నాను మళ్లీ ఉత్త మనిసిని. నీకోసం కొన్నానని నువ్వనుకుంటన్నావు. నాకోసం కొనుక్కున్నాను.

"ఉగాదికి డబ్బు అయిపోనాది. అక్కడ ఆగుంటే నాను మంచోణ్ణే. ఆగనేదు. దొరబాబు కాడికి ఎల్లినాను. నా పేరు మీద ఇవ్వనన్నాడు. కొట్టు పేరు మీద అడిగినాను. నీకు సెప్పకండా, నీ పేరు సెప్పి. ఆడు గొడౌను సూసినాడు. పెట్టె ఒక్కటీ కదల్నేదని ఆడికి ముందునించీ తెలుసు. ఆడికి పెట్టెలెందుకు, షెడ్డెందుకు? ఈ ఇంటి సోటు కావాల, అప్పు తీరకపోతే ఆడిదే. షెడ్డు మాట బావ సెవిలో ఎయ్యి, ఇల్లు తాకట్టుకొస్తే నీ అప్పు సెల్లు, గొడౌను మాట బయటికి రాదు అన్నాడు. నీకు నిజం తెలీకుంటే సాలు, ఇంకేటైనా పరవానేదు అనుకున్నాను. నువ్వు సంబరపడతన్నావు, సూస్తా ఊరుకున్నాను. తాకట్టు కాగితంలో ఈ ఇంటి హద్దులు ఒక్కొక్కటీ సెప్పి రాయించింది నానే. తూరుపుకి మసీదు సందు, దచ్చినానికి బావి. మా ఊళ్లో మా భూమికి ఎవడో ఇలాగే సెప్పుంటాడు.

"ఇంకో మాట. దొరబాబు రిజిస్ట్రారాఫీసుకి ఎల్లనేదు సెల్లెమ్మా. నీ సంతకం పడీదాకా నన్ను ఒగ్గనని నా ఎనకాలే వచ్చాడు. ఇద్దరు మనుసుల్ని ఎంటబెట్టుకుని వచ్చాడు. నాను ఒంటిగా రానేదు. ఆడిప్పుడు ఆ బావి కాడే నిలబడున్నాడు."